మూడో దెబ్బకు ఆగే చెయ్యి

మా మరిదిని అందరూ రసమట్టం అంటారు. ఆ పేరు పెట్టిన పాపం నాదే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి అతనికి పద్నాలుగేళ్ళు. వచ్చిన మూడో రోజున వంటింటి అలమారు ముందు నిలబడి, తల ఒక పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి, "వదినా, ఈ అర ఎడమవైపు గింజంత దిగింది" అన్నాడు. కొలిచి చూస్తే నిజమే. నేనప్పుడే సర్దుకున్న డబ్బాలన్నీ దింపించి, అర విప్పి మళ్ళీ బిగించి, డబ్బాలను ఎత్తు వారీగా పేర్చిపెట్టి వెళ్ళిపోయాడు. "మీ తమ్ముడు మనిషా, తాపీవాళ్ళు వాలు చూసే రసమట్టమా?" అని మా ఆయన్ని అడిగాను. ఆయన కడుపుబ్బ నవ్వాడు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు కనక సాయంత్రానికి వీధి వీధంతా అదే పేరు.

ఆ గుణమే పెద్దయ్యాక అతనికి కూడు పెట్టింది. బట్టల అలమారులు, వంటింటి అరలు, మంచాలు కొలతకి కోయించి తెచ్చి, ఇళ్ళకి వెళ్ళి బిగించే పని. పెళ్ళి మాటెత్తితే మాత్రం "కొలతలు కుదరలేదు వదినా" అనేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ కొలతలు కుదరలేదు. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి ఉండేది అతని దగ్గర. దాన్ని భార్యని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడని మా ఆయన ఏడిపించేవాడు.

ఆ మిషన్ సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. లేకపోతే మిగతాదంతా అర్థం కాదు. చూడ్డానికి పొట్టి తుపాకీలా ఉంటుంది. ముందు స్క్రూ తలలో కూర్చునే బిట్ పెట్టి మీట నొక్కితే స్క్రూ దిగుతుంది. స్క్రూ ఇక దిగనని మొరాయించినప్పుడు లోపల ఒక చిన్న సుత్తి తిరుగుతూ టక్ టక్‌మని కొట్టడం మొదలెడుతుంది. ఆ దెబ్బలకి ఇంకాస్త బిగుస్తుంది. మీట పూర్తిగా నొక్కితే దెబ్బలు కలిసిపోయి రొద అవుతుంది. మెల్లిగా నొక్కితే విడివిడిగా వినిపిస్తాయి. మా మరిది బిగించే పలకలు చెక్కపొట్టు అదిమి చేసినవి. దెబ్బలు ఎక్కువైతే స్క్రూ లోపలే గిర్రున తిరిగి పట్టు వదిలేస్తుంది, పలక పనికిరాకుండా పోతుంది. అందుకని మెల్లిగా నొక్కి, మూడు దెబ్బలు వినగానే వేలు తీసేయాలి. రెండైతే వదులు, నాలుగైతే పలక దండగ. రోజుకి రెండు మూడొందల స్క్రూలు, పదహారేళ్ళు. మాట్లాడుతూ బిగించినా, ఆవలిస్తూ బిగించినా మూడో దెబ్బకి అతని వేలు దానంతటదే లేచిపోయేది. పదహారేళ్ళలో ఒక్క పలక పాడుచెయ్యలేదని ఆ పనివాళ్ళలో గొప్పగా చెప్పుకునేవారు.

మా ఆయనకి చిన్న సరుకుల వ్యాన్ ఉండేది. అన్న మోసేవాడు, తమ్ముడు బిగించేవాడు. ఇద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు నడిచింది.

ఒకరోజు పొద్దున ఒక అపార్ట్‌మెంట్ కింద సగం పలకలు దింపాక, వ్యాన్ ముందు ఎడమ చక్రం గాలి పోయి కూర్చుని ఉంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది. చక్రం నట్లకి వాడే పొడుగు స్పానర్ మాత్రం వ్యాన్‌లో ఇంకో ఇంటికి వెళ్ళాల్సిన పలకల అడుగున ఉండిపోయింది. అవన్నీ దింపాలంటే గంట పని. మా మరిది, "నా మిషన్ ఉందిగా అన్నయ్యా" అన్నాడు. బిట్ పెట్టే చోట ఒక అడాప్టర్ గుచ్చి, దానికి నట్టుని పట్టే సాకెట్ తగిలించి, ఐదు నట్లూ విప్పి, చక్రం మార్చి, ఐదూ బిగించాడు. "అయింది" అన్నాడు.

చక్రం మార్చినప్పుడల్లా మా ఆయన ఆ పొడుగు స్పానర్ ఒక్కో నట్టుకీ తగిలించి, పైకెక్కి తొక్కి, ఆ తర్వాతే బండెక్కేవాడు. ఆ రోజు తొక్కలేదు. తమ్ముడి పనంటే ఆయనకి గుడ్డి నమ్మకం. తమ్ముణ్ణి అలమారుల దగ్గర వదిలి మిగతా పలకలతో ఒక్కడే బయల్దేరాడు. పైవంతెన దిగుతుంటే ఆ చక్రం ఊడిపోయింది. వ్యాన్ వెళ్ళి రోడ్డు మధ్య గోడని కొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

బండిని పరీక్షించినవాళ్ళకి ఐదు నట్లలో రెండే దొరికాయి. వదులై ఊడాయా, ఇంకేదైనా విరిగి ఊడాయా చెప్పలేమని రాసిచ్చారు. ఆ కాగితం మా ఇంట్లో ముగ్గురం చదివాం. ముగ్గురికీ మూడు రకాలుగా అర్థమైంది. మా అత్తగారు అది విధి అనుకుంది. మా మరిది అడాప్టర్ అనుకున్నాడు. నేనేమనుకున్నానో ఎవరూ అడగలేదు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నన్ను ఏడిపించడానికి శతవిధాలా ప్రయత్నించి, చివరికి నా గుండె రాయి అని తేల్చుకుని వెళ్ళిపోయారు. రాయి కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక చిగుర్ని వేలితో నొక్కితే మనది కానట్టు ఉంటుందే, అలా ఉండేది. పొద్దున్నే లేచేదాన్ని, మూడు గ్లాసుల టీ పెట్టేదాన్ని. నాలుగోది ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. కనీసం నాలుగైదు రోజులైనా పొరపాటున పెట్టి ఉండాల్సింది. అదీ జరగలేదు. దానికి మాత్రం నామీద నాకే అసహ్యం వేసింది.

మా మరిది నన్ను "మీరు" అనడం మొదలెట్టాడు. ఇరవై నాలుగేళ్ళు "నువ్వు" అన్నవాడు, మా ఆయన పోయిన మర్నాటినుంచి "మీరు టీ తాగారా?" అని గోడవైపు చూస్తూ అడిగేవాడు. ఒకరోజు కావాలనే వంటింటి డబ్బాలు అడ్డదిడ్డంగా పెట్టాను. వచ్చాడు, నీళ్ళు తాగాడు, వెళ్ళాడు. వారం రోజులు అలాగే ఉంచాను. చివరికి విసుగొచ్చి నేనే సర్దుకున్నాను. మా అత్తగారికి చెవులు సరిగ్గా వినపడవు గానీ కళ్ళకేం తక్కువలేదు. "ఒక కొడుకు పోయాడనుకున్నానే, ఇద్దరూ పోయినట్టున్నారు" అంది.

ఐదో నెలలో నేనే కదిలాను. ముగ్గురం గోడలు చూస్తూ కూర్చుంటే గోడలేం పెట్టవు. డ్రైవింగ్ నాకు మా ఆయన ఎప్పుడో నేర్పించాడు. సెలవురోజుల్లో ఖాళీ మైదానంలో గేరు గేరుకీ పోట్లాడుకుంటూ నేర్చుకున్నాను, లైసెన్సు కూడా ఉంది. మా వ్యాన్ లాంటిదే పాతది ఒకటి బేరం మాట్లాడాను. "పలకలు నేను తోలతాను, నువ్వు బిగించు" అన్నాను మరిదితో.

తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ఆ చక్రం ఊడింది మిషన్ వల్లా, నా వల్లా తేలాలి. తేలేదాకా మీరు బండెక్కొద్దు" అన్నాడు.

"ఆ పొడుగు స్పానరే వాడుకుందాంలే. మిషన్‌తో పనేంటి?"

"నా చేతిలో తేడా ఉంటే స్పానర్ పట్టుకున్నా తేడాయే. నేను బిగించిన బండి మీరెక్కకూడదు. నేను ఈ పనే చెయ్యకూడదు."

చెయ్యకపోతే ఇంకేం చేస్తాడో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, నాకు కనిపిస్తూనే ఉంది. మనిషి అప్పటికే సగమయ్యాడు. ఇది తేలి తనదే తప్పయితే ఆ మిగిలిన సగం కూడా ఉండదని నాకు భయం. తేలకపోతే ఇలాగే అరిగిపోతాడు. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

వెనక షెడ్డులో తన బల్లకి ప్రమాదంలో పోయిన మా వ్యాన్ కుడి చక్రం వెనకుండే ఇనుప పళ్ళేన్ని బిగించాడు. చక్రం నట్లు పట్టే ఐదు బోల్టులూ దానికే ఉంటాయి. దాని మీద పాత చక్రం రేకు పెట్టాడు. టైర్ల షాపాయన దగ్గర ముల్లుండే పొడుగాటి స్పానర్ అడిగి తెచ్చాడు. నట్టుని దాంతో తిప్పితే, ఎంత బలానికి కదిలిందో ముల్లు చూపిస్తుంది. మా వ్యాన్ నట్టుకి ముల్లు పదకొండు మీద ఉండాలట. మా మరిది ఆ రోజు వాడిన అడాప్టరే గుచ్చి, ఆ రోజు బిగించినట్టే ఒక నట్టు బిగించాడు. స్పానర్ వేసి తిప్పితే నాలుగున్నరకే కదిలింది.

అతని మొహంలో ఐదు నెలల తర్వాత కళ కనపడింది. "చూశారా వదినా? దెబ్బ పడుతోంది కానీ నట్టుదాకా చేరట్లేదు. ఈ అడాప్టర్ మెడ సన్నం. దెబ్బంతా ఇదే తినేస్తోంది."

అది కొంత నిజమేనని టైర్ల షాపాయన కూడా అన్నాడు. చక్రాలకి వాడేది ఇంపాక్ట్ రెంచ్. దానికి అడాప్టర్లూ బిట్లూ ఉండవు. లోపల సుత్తి కొట్టే ఇనుప దిమ్మే బయటికి నలుచదరపు తలగా వచ్చి ఉంటుంది, సాకెట్ నేరుగా దానికే తొడుగుతారు. "కొత్తది కొనుక్కోవయ్యా" అన్నాడాయన. మా మరిదికి కొత్తది అక్కర్లేదు. ఆ మిషనే కావాలి. అదే మిషన్, అదే మోటారు, అదే సుత్తి. అడాప్టర్ ఒక్కటి తీసేస్తే పదకొండు రావాలి. వస్తే తప్పు అడాప్టర్‌ది. కోర్టులో సాక్షిని నిలబెట్టినట్టు దాన్ని నిలబెట్టాలనుకున్నాడు.

నాకు అప్పటికే తెలిసిన విషయం ఒకటుంది. అది ఇప్పుడు చెప్పేస్తాను. ఆ రోజు పాత చక్రం విప్పింది కూడా ఆ మిషనే, ఆ అడాప్టరే. మా ఆయన నిలబడి తొక్కి బిగించిన నట్లని విప్పింది. అంత బలం విప్పడానికి ఉన్నప్పుడు, బిగించడానికి లేకుండా ఎక్కడికి పోయింది? ఈ సంగతి మా ఆయన పోయిన వారంలోనే గిన్నెలు తోముతుంటే తట్టింది. గిన్నె కడిగి బోర్లించాను, ఇంకోటి తీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మరిది మీద కోపం వచ్చిందా అంటే వచ్చింది. తమ్ముణ్ణి నమ్మి తొక్కకుండా వెళ్ళిన ఆయన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. రెండు కోపాలూ వచ్చి, కూర్చోడానికి చోటు లేక తిరిగి వెళ్ళిపోయాయి.

మిషన్ రిపేర్ల కొట్టులో మోటారు కాలిపోయిన రెంచ్ ఒకటి దొరికింది, అదే కంపెనీది. మా మరిది దాన్నీ తన డ్రైవర్నీ పక్కపక్కన పాత బెడ్‌షీట్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముందున్న రబ్బరు తొడుగు లాగాడు. నాలుగు స్క్రూలు విప్పి లోహపు మూతిని పైకి లాగితే నల్లటి గ్రీజు, దాని కింద స్ప్రింగు, సుత్తి. సుత్తి ఎత్తేసరికి అందులోంచి గోళీల్లాంటి రెండు ఉక్కు గుండ్లు జారి షెడ్డు దాటి ఇంట్లోకి దొర్లాయి. అవి లేకపోతే సుత్తి తిరగదు. ఇద్దరం నేలమీద పాక్కుంటూ వెతికాం. ఒకటి మంచం కింద దొరికింది. రెండోదాన్ని మా అత్తగారు కాలి బొటనవేలితో తొక్కిపట్టి, "మీరు వెతికేది ఇదేనా, నా పళ్ళేమైనానా?" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది, వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది.

రెంచ్‌లోని నలుచదరపు తల దిమ్మ డ్రైవర్ సుత్తికి అతికినట్టు సరిపోయింది. మూతి దగ్గర కన్నమే వెంట్రుకవాసి చిన్నది. లేత్ మిషన్ ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి కన్నం పెద్దది చేయించుకొచ్చాడు. గుండ్లు గాడిలో కూర్చోబెట్టి, కొత్త గ్రీజు రాసి, స్ప్రింగు అదిమి, మూతి బిగించాడు. నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులూ వేళకి భోజనం చేశాడు. ఒకసారి నాతో, "వదినా, ఆ దీపం ఇటు పట్టు" అన్నాడు. పట్టు అన్నాడు, పట్టండి అనలేదు. అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు. నేను విననట్టు దీపం పట్టుకున్నాను. ఇంకొక్క రోజు ఇలాగే గడిస్తే బావుండుననిపించింది.

ఆదివారం మధ్యాహ్నానికి పని అయింది. సాకెట్ నేరుగా తలకి తొడిగాడు. నట్టు చేత్తో తిప్పి ఎక్కించి, మిషన్ ఆనించి మీట నొక్కాడు.

టక్. టక్. టక్.

మిషన్ దించాడు. ముల్లు స్పానర్ వేసి తిప్పాడు. ఐదు దగ్గర కదిలింది.

ఇంకో నట్టు. మూడు దెబ్బలు. ఐదు. ఇంకోటి. ఐదుంపావు.

"స్ప్రింగు," అన్నాడు. చెమటలు పట్టేశాయి. "స్ప్రింగు పాతబడిపోయింది వదినా. దెబ్బ బలంగా పడట్లేదు. రెంచ్‌లో స్ప్రింగు గట్టిది ఉంది, అది వేసి చూస్తాను. లేకపోతే బ్యాటరీ."

నేను మిషన్ వైపు చూడలేదు, అతని చూపుడు వేలి వైపు చూశాను. మీటని సగమే నొక్కుతోంది. మూడో దెబ్బకి లేచిపోతోంది. వేలు లేచిపోతోందని అతనికి తెలియదు. తల పక్కకి వాల్చి, నట్టు వైపే చూస్తున్నాడు. ఇనుప నట్టుని కూడా చెక్కపొట్టు పలకలాగే జాగ్రత్తగా బిగిస్తున్నాడు. పదహారేళ్ళు ఒక్క పలక పాడుచెయ్యని చెయ్యి అది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. స్ప్రింగు మారుస్తాడు, తర్వాత బ్యాటరీ, తర్వాత మోటారు. బతికినంతకాలం ఆ బెడ్‌షీట్ మీద కూర్చుని మిషన్ విప్పుతూ ఉంటాడు. ఊరుకుంటే మనిషి దక్కుతాడు, పనికి రాడు. చెబితే ఏమవుతాడో తెలియదు. కానీ రేపు ఆ చేత్తో బిగించిన చక్రం మీద కూర్చునేది నేను. నాకు బతకాలని ఉందని ఆ క్షణంలోనే తెలిసింది. అంతవరకు ఉందో లేదో కూడా చూసుకోలేదు.

"మళ్ళీ బిగించు," అన్నాను.

నాలుగో నట్టుకి మిషన్ ఆనించాడు. నేను వెళ్ళి అతని పక్కన నిలబడి, మీట మీదున్న అతని వేలి మీద నా వేలు పెట్టాను. మూడో దెబ్బ పడింది. నా వేలి కింద అతని వేలు పైకి లేవబోయింది. పిచ్చుక తన్నుకున్నంత బలం. లేవనివ్వలేదు. మీటని చివరిదాకా అదిమి పట్టుకున్నాను. దెబ్బలన్నీ కలిసిపోయి షెడ్డంతా రొదైపోయింది. ఐదు లెక్కపెట్టి వదిలాను.

ముల్లు స్పానర్ అతనే వేశాడు. ఐదు దాటింది, ఎనిమిది దాటింది. పదకొండు దగ్గర నట్టు కదల్లేదు. పన్నెండున్నరకి కదిలింది.

చాలాసేపు ముల్లు వైపే చూశాడు. తర్వాత తన వేలు చూసుకున్నాడు.

"అయితే నేనే," అన్నాడు.

కాదు అనడానికి ఐదు నెలలుగా సిద్ధంగా ఉన్నాను. నీ తప్పేం లేదు, విధి, రాత, ఇంకా ఏవేవో. ఒక్కటీ నోరు దాటలేదు.

"అవును," అన్నాను. "నువ్వే. మీ అన్నయ్య కూడా తొక్కకుండా వెళ్ళాడు. ఇద్దరూ కలిసి చేశారు."

కిందపడిపోతాడనుకున్నాను. పడలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఏడుపొచ్చింది. నాకు కాదు, అతనికి. శబ్దం లేకుండా చాలాసేపు ఏడ్చాడు. నేను పక్కనే నిలబడ్డాను. వీపు నిమరాలని తెలుసు. చెయ్యి లేవలేదు. నా మొగుణ్ణి నాకు లేకుండా చేసిన మనిషి, నేను పెంచినంత పని చేసిన పిల్లాడు, ఇద్దరూ ఒకే చొక్కాలో నిలబడి ఉన్నారు. ఎవర్ని ఓదార్చాలో తెలియలేదు.

ఏడుపు ఆగాక, "మిగతా నాలుగూ బిగించు. ఐదు లెక్కపెట్టు," అన్నాను.

పైకి లెక్కపెడుతూ బిగించాడు. మొదటి రెండుసార్లు వేలు లేచిపోయింది, మళ్ళీ నొక్కాడు. సాయంత్రానికి నలభై సార్లు బిగించి ఉంటాడు. చివరి పదిసార్లూ ముల్లు పన్నెండు మీదే నిలిచింది.

ఇప్పుడు తొమ్మిది నెలలుగా నేను వ్యాన్ తోలుతున్నాను. ఆ మిషన్ ఇప్పుడు చక్రాలకే. పలకలకి వేరేది కొన్నాడు. వారం వారం చక్రాలు చూసి బిగించేది అతనే. రోజూ పొద్దున్నే బండెక్కే ముందు పొడుగు స్పానర్ తీసుకుని అతను బిగించిన ప్రతి నట్టునీ నేను మళ్ళీ తొక్కి చూస్తాను. అతని ఎదురుగానే. మొదట్లో అతను మొహం తిప్పుకునేవాడు. ఇంతవరకు ఒక్క నట్టు కూడా కదల్లేదు. అయినా చూస్తాను. ఇంత నమ్మకం లేకపోతే ఎలాగని మా అత్తగారు ఒకసారి అడిగింది. నమ్మకం ఉన్నవాడు ఏమయ్యాడో చూశాం కదా అన్నాను.

మొన్న బాగా ఆలస్యమైంది. మూడో అంతస్తుకి పలకలు, అవతలివాళ్ళు ఫోన్ మీద ఫోన్. తొందరలో చూడకుండానే బండెక్కి తాళం తిప్పాను. మా మరిది వచ్చి నా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో పొడుగు స్పానర్ ఉంది. దాన్ని నా ఒళ్ళో పెట్టాడు.

ఇంజిన్ ఆపి దిగాను. అన్నీ తొక్కి చూసేదాకా అతను తలుపు వదల్లేదు.